ఆదివారం దాకా ఆగని ఓడ

చిరంజీవి ప్రభావతికి,

పెద్దక్కయ్య ఆశీస్సులు. నేనూ, మరదలు రజితా, నిఖిలా క్షేమం. ఈ మాట చేయి అలవాటుకొద్దీ రాసేసింది. ఉత్తరం చివరిదాకా చదివాక నువ్వే తేల్చుకో.

ఫోనులో అడిగితే "బానే ఉన్నాం" అని పెట్టేస్తాననీ, అందుకే కాగితం మీద అడుగుతున్నాననీ రాశావు. నిజమే. గోపి పోయి పదకొండు నెలలైంది. మోకాలి ఆపరేషన్ వల్ల తమ్ముడి చివరి చూపుకు రాలేకపోయిన నీకు నేను నాలుగు ముక్కలు కూడా సరిగా చెప్పలేదు. వాడి చివరి శుక్రవారం ఉదయం ఎలా గడిచిందో ఏదీ వదలకుండా రాయమన్నావు. రాస్తున్నాను.

ఆ రోజు ఐదున్నరకు లేచాను. ఈ ఊళ్ళో ఏడైతేగాని తెల్లవారదు. కిటికీలోంచి చూస్తే సరిహద్దు అవతలి జొహోర్ నుంచి వచ్చే వంతెన మీద మోటారు సైకిళ్ళ దీపాలు వరసగా ఇటు వస్తున్నాయి. పదకొండో అంతస్తుకు వాటి చప్పుడు తుమ్మెద రొదలా వినిపిస్తుంది. స్నానం చేసి, కారిడార్‌లో తులసికి నీళ్ళు పోసి, పూజకు కూర్చున్నాను. ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశాక హాల్లో కిటికీ పక్కనే గోపికి మంచం వేశాం కదా. నా స్తోత్రం వాడికి వినబడాలని కాస్త గట్టిగానే చదివేదాన్ని. మధ్యలో ఆపితే, తర్వాతి మాట వాడు అందించేవాడు.

నిఖిల యూనిఫాం వేసుకుని వచ్చి తండ్రి మంచం మీద కూర్చుంది. "కెప్టెన్, ఓడ ఎంతవరకొచ్చింది?" అని అడిగాడు. "ఇంకా సగమే నాన్నా" అంది. అది రోజూ వాళ్ళిద్దరి మధ్య ఉండే మాట. ఆ ఓడ సంగతి కింద రాస్తాను. నిఖిల స్కూలుకి వెళ్ళింది. రజిత ఆస్పత్రి ఫార్మసీలో డ్యూటీకి వెళ్తూ, మందులు ఏ గంటకేవో గోడ మీద అంటించి వెళ్ళింది. వాడు ఇడ్లీ సగం తిన్నాడు, కందిపొడి ఇంకొంచెం వేయమన్నాడు. ఎదురు ఫ్లాట్ కమరున్నీసా గిన్నెలో గంజి తెచ్చి, వాడిని పలకరించి, పది నిమిషాలుండి వెళ్ళింది. పిట్టగోడ మీద కాకి వాలితే గోపి దాన్నే చూస్తూ, "మన కాకులు పిండం తిని పోతాయి పెద్దక్కయ్యా. ఓడిన్ దేవుడి కాకులు మటుకు పొద్దున్నే వెళ్ళి లోకంలో కబుర్లన్నీ మోసుకొచ్చి ఆయన చెవిలో చెబుతాయి" అన్నాడు. "ఇదేం కబురు తెచ్చింది?" అన్నాను. "కందిపొడి బాగుందిట" అన్నాడు.

ఆ ఉదయం అంతే. మర్నాడు శనివారం, పదకొండు గంటల వేళ, రజిత చేతుల్లో పోయాడు. బాధపడ్డాడా అని అడిగావు. లేదమ్మా. మందు వల్ల మగతగానే ఉన్నాడు.

నీ మిగతా ప్రశ్నలు. రజిత తింటోంది, నిద్ర మటుకు తక్కువ. నిఖిలకు పధ్నాలుగు వచ్చాయి. పొడుగైంది. మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది, ఈ మధ్య అదీ తగ్గింది. ఫోటోలో వేళ్ళకు ప్లాస్టర్లేమిటని అడిగావు. బాడ్మింటన్ ఆడి కందిపోయాయంది, నమ్మాం. స్కూలు టీచరు ఫోన్ చేసి అడిగినప్పుడు రజిత కూడా అదే చెప్పింది. నేను పూజలో కూర్చోలేకపోతున్నానని రజిత నీతో అన్నదిట. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఓడ సంగతి చెప్పాలి.

గోపి నార్వేలో రెండేళ్ళు చదివాడు కదా, ఓడల నిర్మాణం. ఆ చలికాలాల్లో, వాడు అద్దెకున్న ఇంటి ముసలావిడ అక్కడి పాత దేవుళ్ళ కథలు చెప్పేదిట. జ్ఞానం కోసం ఒక కన్ను ఇచ్చేసిన ఓడిన్. సగం దేహం బతికినట్టూ సగం దేహం నీలంగానూ ఉండే హెల్, చచ్చినవాళ్ళ లోకానికి ఏలిక. వాళ్ళ దేవుళ్ళు చిరంజీవులు కారట ప్రభా. ఏదో ఒకనాడు ఆఖరి యుద్ధం వస్తుందనీ, అందులో తామూ పోతామనీ వాళ్ళకు తెలుసట. తెలిసే పొద్దున్నే లేచి పనులు చూసుకుంటారట. మొదటిసారి విన్నప్పుడు, వీళ్ళేం దేవుళ్ళురా అన్నాను. అందుకే నాకు నచ్చారు పెద్దక్కయ్యా అన్నాడు.

ఫ్రిగ్ అని ఓడిన్ భార్య ఉంది. ఆవిడకు అందరి తలరాతలూ తెలుసు, ఎవరికీ ఒక్క మాట చెప్పదు. ఎక్కువ మాట్లాడనని గోపి నన్ను ఆ పేరుతో ఏడిపించేవాడు. "ఫ్రిగ్ అమ్మవారు ఇవాళ ఏం వండింది?" అనేవాడు.

ఓడ పేరు నాగ్లఫర్. ఆఖరి యుద్ధానికి దేవుళ్ళ శత్రువుల్ని మోసుకొచ్చేది అదే. దాన్ని చెక్కతో కట్టరు, చచ్చినవాళ్ళ గోళ్ళతో కడతారు. పెరిగిన గోళ్ళతో మనిషి పోతే ఆ గోళ్ళు ఓడకు చేరతాయి, ఓడ అంత త్వరగా పూర్తవుతుంది. అందుకని అక్కడివాళ్ళు పోయేవాళ్ళ గోళ్ళు తీసి పంపాలనేవారట. సైన్స్ పార్క్‌లో రోజంతా ఓడల లెక్కలు వేసే మనిషి, ప్రతి ఆదివారం నిఖిలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గోళ్ళు తీస్తూ ఈ కథ చెప్పేవాడు. "ప్రపంచంలో ఆలస్యమైతే మంచిదనిపించే ఓడ ఇదొక్కటే కెప్టెన్" అనేవాడు. నిఖిలకు మూడేళ్ళప్పటి నుంచీ అదే కథ.

ఇప్పుడు పైన వదిలేసింది రాస్తాను. ఆ శుక్రవారం ఉదయం, ఇడ్లీకీ కాకికీ మధ్య ఇంకో మాట ఉంది. గోపి రెండు చేతులూ దుప్పటి మీద పెట్టి చూసుకుని, "గోళ్ళు పెరిగాయి పెద్దక్కయ్యా, నా చేతుల్లో పట్టు లేదు, కాస్త తీస్తావా?" అన్నాడు.

నేను శుక్రవారమన్నాను. శుక్రవారం లక్ష్మీదేవి రోజు, ఇంట్లో గోళ్ళు తీయకూడదు. మర్నాడు శనివారం, అదీ పనికిరాదు. ఆదివారం తీస్తానన్నాను.

కమరున్నీసా అక్కడే ఉంది. "ఇలా ఇవ్వండి అక్కా, నేను తీస్తా. మాకు జుమ్మా నాడే మంచిది" అని నెయిల్ కట్టర్ కోసం చేయి చాపింది. వాళ్ళింట్లో అందరూ శుక్రవారం నమాజుకు ముందే తీసుకుంటారు. మా ఇంట్లో వద్దమ్మా అన్నాను. ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది.

గోపి నవ్వాడు. "ఆదివారం దాకా ఆ ఓడ ఆగుతుందంటావా?" అన్నాడు.

నేను గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారం వచ్చింది. ఆ రోజే దహనం. పెట్టెలో వాడి చేతులు పువ్వుల కింద ఉన్నాయి. కట్టర్ నా సంచిలో ఉంది, కావాలనే తీసుకెళ్ళాను. చుట్టూ వాడి ఆఫీసు వాళ్ళూ, పంతులుగారూ, ఇరుగుపొరుగూ. అందరి ముందూ పువ్వులు తీసి ఆ పని చేయడానికి సిగ్గుపడ్డాను. మూత వేసేశారు.

నాలుగోనాడు అస్థికలు కలపడానికి పడవ మీద వెళ్ళాం. సముద్రంలో పెద్ద పెద్ద ఓడలు లంగరేసి వరసగా నిలబడి ఉన్నాయి. అందులో ఒకటి అదో రకమైన పాలిపోయిన తెలుపు. నిఖిల దాన్నే చూస్తూ, "అత్తా, నాన్న గోళ్ళు తీశావు కదా?" అంది. తీశానన్నాను. "టెన్?" అంది. పదీ అన్నాను. అది మొహం తిప్పుకుంది. నమ్మి ఊరుకుందనుకున్నాను.

పదో రోజు దాటాక మొదలైంది ప్రభా. ఉదయం పూజకు కూర్చుని కళ్ళు మూసుకోగానే టిక్‌మని చప్పుడు. మళ్ళీ టిక్. నెయిల్ కట్టర్ చప్పుడే. జపం ఆపి లెక్కపెట్టేదాన్ని. పది అయ్యాక ఆగేది. అమ్మవారి పటం ముందు నేను చదివేది స్తోత్రం కాదు, ఒకటి నుంచి పది దాకా అంకెలు. లేచి వెళ్ళి చూసే ధైర్యం లేదు. చూస్తే వాడు మంచం మీద చేతులు చాపుకుని కూర్చుని ఉంటాడనిపించేది. తలరాతలన్నీ తెలిసిన ఆ ఫ్రిగ్ ఎందుకు నోరు విప్పదో నాకప్పుడు అర్థమైంది. నాకు తెలిసినది ఆ ఒక్క సంగతే. దాన్నే చెప్పలేకపోయాను.

ఇవాళ శుక్రవారం. ఇవాళ చప్పుడు పదితో ఆగలేదు. పదకొండు, పన్నెండు, పదమూడు. లేచాను. వంటింటి వెనక, బట్టల మెషీన్ పక్కన, బోర్లించిన బకెట్ మీద నిఖిల కూర్చుని ఉంది, స్కూలు యూనిఫాంలో. ప్లాస్టర్లు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళకు తీయడానికి గోరంటూ ఏమీ లేదు. గోటి చిగుళ్ళ దగ్గర కట్టర్ పెట్టి నొక్కుతోంది. తెల్లచొక్కా మీద రెండు నెత్తురు చుక్కలు.

కట్టర్ తీసుకున్నాను. అది ఏడవలేదు, చేయీ లాక్కోలేదు. ఎందుకమ్మా అన్నాను.

"ఎప్పుడు పోతామో తెలీదు కదా అత్తా, నాన్నలాగా. నావి కూడా వెళ్ళకూడదు. నాన్నవి పది ఆల్రెడీ వెళ్ళిపోయాయి."

నేను అబద్ధం చెప్పానని అప్పుడు చెప్పాను. గోడ పట్టుకుని, నిలబడే చెప్పాను.

"నాకు తెలుసు లా" అంది, ఇక్కడి పిల్లల యాసలో. "పెట్టెలో నాన్న చెయ్యి పట్టుకున్నా. గోరు గుచ్చుకుంది. పడవలో నువ్వే చెప్తావేమోనని అడిగా."

పదకొండు నెలలు ప్రభా. నా అబద్ధాన్ని ఆ పిల్ల తన వేళ్ళ మీద మోసింది.

స్కూలుకి పంపలేదు. వేళ్ళు కడిగి, పసుపు పెట్టబోతే వద్దంది. కమరున్నీసా వచ్చి మందు రాసి కట్టు కట్టింది. ఆ రోజు చాపిన చేత్తోనే కట్టింది.

సాయంత్రం రజిత వచ్చాక ముగ్గురం హాల్లో, గోపి మంచం ఉండే చోట చాప వేసుకుని కూర్చున్నాం. రజితకు మొత్తం చెప్పాను. పెట్టె దగ్గర సిగ్గుపడ్డది కూడా. ఆమె నిఖిల వేళ్ళ కట్టు సరిచేసింది. తర్వాత, "నాకూ తెలుసు వదినా. స్నానం చేయించినప్పుడు చూశాను. ఆ శుక్రవారం నేను డ్యూటీ నుంచి రాగానే ఆయనే చెప్పారు నాకు" అంది.

ఏమని చెప్పాడని అడిగాను.

"పెద్దక్కయ్య ఆదివారం తీస్తానంది, అంటే నేను ఆదివారం దాకా ఉంటానని ఆవిడ లెక్క, అని మురిసిపోయారు."

అలా అనుకోండి వదినా అంది రజిత. నేను అనుకోలేను. నేను చూసింది వారాన్నే, వాడిని కాదు. నీకు ఇంకో అబద్ధం రాయలేను.

మేం అనుకున్నవి ఇవి. సోమవారం నిఖిలను తీసుకుని రజితా నేనూ స్కూల్లో పిల్లలతో మాట్లాడే ఆవిడను కలుస్తాం, బాడ్మింటన్ కాదని చెబుతాం. నిఖిల గోళ్ళు మళ్ళీ వచ్చాక నేను తీస్తాను, పెరిగిన రోజునే, వారం చూడకుండా. వచ్చే నెల ఆబ్దికానికి నువ్వు రావాలి, మోకాలికి వీల్‌చైర్ రజిత మాట్లాడుతుంది. అంతదాకా కట్టర్ నా కొంగున ఉంటుంది.

కొంగున కట్టుకోబోతుంటే నిఖిల, "ముందు నీవి" అంది. దీపం పెట్టేశాను, పైగా శుక్రవారం. చేయి చాపాను. కట్టు కట్టిన వేళ్ళతో మెల్లిగా తీసింది. పదీ కాగితంలో పొట్లం కట్టి, "ఇవి ఓడకు వెళ్ళవు" అంది. రజిత పక్కన కూర్చుని తన చేతులూ ఇచ్చింది.

ఒకటి మిగిలిపోయింది. మే నెలలో నిఖిల స్కూలు క్యాంపుకని మూడు రోజులు ఇంట్లో లేదు. ఆ మూడు ఉదయాలూ నాకు చప్పుడు వినిపించింది. అదీ చెప్పేశాను. నిఖిల భయపడలేదు. రజిత తలుపు వైపు చూసింది.

రేపు పూజ వేళకు కట్టర్ నా కొంగుముడిలోనే ఉంటుంది. అయినా వినిపిస్తే ఏం చేయాలో కూడా అనుకున్నాం. ముగ్గురం అక్కడే, ఒకరి పక్కన ఒకరం కూర్చోవాలి. ఎవరూ లేవకూడదు, దీపం ఆర్పకూడదు. వాడిని పదీ పూర్తి చేసుకోనివ్వాలి.

ఇట్లు,
నీకూ, గోపీకీ
పెద్దక్కయ్య