ఇద్దరికి ఇంత గోంగూరా

యుగంధర్,

నేను అభన్‌పూర్ వెళ్తున్నాను, సాయంత్రానికి వస్తాను. ఫ్రిజ్ కింది అరలో కుళ్లిన గోంగూరంతా పారేశాను. అర ఖాళీగా ఉందని మళ్లీ సంచీ పట్టుకుని సంతకు పోకు.

అమారీ భాజీ అని అరుస్తూ ఎవరు గోంగూర అమ్మినా పరిగెత్తి ఐదేసి కట్టలు తెస్తావు. పచ్చడి నూరే మీ అమ్మ పోయి ఏడాదైంది. మిగిలింది ఇద్దరం. అందులో ఒక దొరగారు సిల్తారా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే భోంచేసి వస్తారు.

బాగున్న ఒక్క కట్ట నేనే నూరాను. స్టీలు గిన్నెలో ఉంది, తిను. బాగాలేదని మాత్రం నాతో అనకు.

నాన్న

మీ అమ్మ ఎండుమిర్చి వేసేదో, పచ్చిమిర్చి వేసేదో నాకు తెలియలేదు. నీకు గుర్తుంటే చెప్పు. అప్పుడు ఒక్క కట్ట తెద్దువుగాని.