మస్తాన్ సముద్రం చూసిన రోజు

1950 ఫిబ్రవరి 9, చెన్నపట్నం

ఉదయగిరి నుంచి నెల్లూరు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. ఒళ్ళంతా దుమ్ము. దిగీ దిగగానే కంటాసుపత్రి. మస్తాన్‌ను పరీక్ష చేశారు. వాడి కుడి కన్ను పన్నెండేళ్ళప్పుడే పోయింది — చెక్క గరిటె చెక్కుతుంటే పేడు ఎగిరి తగిలింది. మిగిలిన ఎడమ కంటికి ఇప్పుడు శుక్లం. ఆపరేషన్ చేస్తారట. "ఉన్నది ఒక్క కన్నే కాబట్టి ముందే చెబుతున్నాను, భరోసా ఇవ్వలేను," అన్నాడు డాక్టరు. మస్తాన్ తల ఊపాడు. నేనే మళ్ళీ మళ్ళీ అడిగాను.

ఎల్లుండి చేర్చుకుంటారు. రేపంతా ఖాళీ.

"సముద్రం చూపియ్యి అయ్యోరా," అన్నాడు మస్తాన్ సత్రంలో. "మళ్ళా చూస్తానో లేదో." చిన్నప్పటి నుంచీ నేస్తాలం; నేను బడిపంతులునైన నాటి నుంచీ ఈ 'అయ్యోరు' ఎగతాళి.

10

సైకిలు అద్దెకు తీసుకున్నాను. నేను తొక్కడం, వాడు వెనక క్యారియర్ మీద. ట్రాము పట్టాలు, హార్బరు, ఎర్ర కోర్టు కట్టడం — ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతున్నాను. నాలుగో మలుపులో వీపు మీద గుద్దాడు. "చెప్పమాకరా. నన్ను చూడనీ. నువ్వు చెప్తాంటే నీ మాటే గానీ ఊరు కనపడ్డంలా."

నోరు మూసుకుని తొక్కాను. అది నాకెంత కష్టమో నా ఐదో తరగతి పిల్లలకు తెలుసు.

ట్రాము గంట వినబడితే ఆపమంటాడు. పూలంగడి దగ్గర ఆపమంటాడు. ఒక ఇంటి తలుపు దగ్గర దిగి, చెక్కడాన్ని వేళ్ళతో తడిమి, మొహం ఆనించి చూసి — "టేకు. పని మాత్రం తొందరపని." ఇంటామె లోపలి నుంచి అరవంలో ఏదో అంది. కదిలాం.

మధ్యాహ్నం సముద్రం. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. పక్కకు తిరిగి తుడుచుకున్నాను.

సైకిలును నీళ్ళకు బారెడు దూరంలో పడుకోబెట్టాను, మా చెరువు దగ్గర పెట్టినట్టే. మా చెరువు నీళ్ళు ఎండాకాలమంతా వెనక్కి పోవడమే గానీ మనిషి మీదికి రావడం ఎరగం. వాడు పడవలు చూసొస్తానని పోయి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"నీళ్ళు ముందుకొస్తాండాయిరా."

"కూర్చో. నీళ్ళు యాడికొస్తాయి?" అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఆటుపోట్ల పాఠం చెబుతున్నవాణ్ణి...

కాసేపటికి హ్యాండిలు ఒక్కటే కనిపించింది. ఇద్దరం పరుగెత్తి లాక్కొచ్చాం. మస్తాన్ నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడ్డాడు. "పిల్లోళ్ళకి ఏంది నువ్వు చెప్పేది?"

వచ్చేటప్పుడు అలలు విసిరేసిన కట్టెముక్క ఒకటి ఏరుకున్నాడు. వాసన చూశాడు. గోటితో గీశాడు. "ముప్పై ఏళ్ళలో నాకు తెలీని కట్టె ఇదేరా." జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం వీధి కొళాయి దగ్గర సైకిలు మూడుసార్లు కడిగి, కొబ్బరినూనె రాశాం. అయినా బెల్లు మోగదు. షాపతను నొక్కి చూసి తిట్టాడు. మాటలు తెలియలేదు. తిట్లని మాత్రం తెలిసింది.

12

ఆపరేషన్ అయింది. రెండు కళ్ళకూ కట్టు. తొమ్మిది రోజులు తల కదపకూడదు.

13

వాడి భార్య కాసింబీకి కార్డు రాశాను. ఏం రాయాలో తోచక 'క్షేమం' అని రాశాను.

16

"ఇప్పుడు చెప్పరా," అంటాడు. రోజూ సముద్రం దగ్గర మొదలుపెట్టమంటాడు. చెబుతాను. ఇసుక, అలలు, ఒడ్డున నల్ల పడవ...

"నల్లదా? ఆకుపచ్చదిరా. ముక్కు కాడ అతుకేసుండాది. దగ్గరికి పోయి చూసినాను గదా."

రెండు కళ్ళు పెట్టుకుని నేను చూసిందేమిటో.

18

కట్టెముక్క దిండు కింద ఉంది. నర్సు చెత్త అనుకుని పారేయబోతే ఆపాను. వాడి చేతులు ఊరుకోవు — దుప్పటి అంచును బొటనవేలితో గీరుతూనే ఉంటాడు. ఈ కన్ను కూడా పోతే ఆ చేతులు ఏం చెయ్యాలి? రాయకూడదనుకున్నాను. రాశాను.

20

రేపు కట్టు విప్పుతారు.

"డాక్టరు ఏళ్ళు చూపిచ్చి ఎన్నని అడుగుతాడంట. పక్కనుండి అందియ్యమాక."

"అందించనులే."

"నీ సంగతి నాకు తెలీదా? ఇన్‌స్పెక్టరు ముందర పిల్లోళ్ళకి అందిచ్చేది నువ్వే గదా."

నిజమే. వాడు ఒక్క క్షణం తడుముకున్నా నా నోరు ఆగదు. తలుపు బయటే నిలబడతాను.

21, ఉదయం

గది బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల కత్తెర చప్పుడు... ఆగింది. కిటికీ తెర లాగిన చప్పుడు.

"ఇవి ఎన్ని?" డాక్టరు గొంతు.

ఎడమ చేత్తో నోరు మూసుకుని రాస్తున్నాను. మస్తాన్ ఇంకా ఏమీ అనలేదు.