కారు తాళంచెవి తిరిగి పంపుతూ

అన్నయ్యకు నమస్కారాలు.

మీ మరదలు బిందుమాధవికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

పురిటికి అక్కరకొస్తుందని, బదిలీ మీద వెళ్తూ మీరు వదిలిన కారు ఆ రోజు స్టార్ట్ కాలేదు. నొప్పులు పడుతున్న మనిషిని దింపి, పక్కింటి మహబూబున్నీసాగారి అబ్బాయి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

తర్వాత ఫలక్‌నుమా నుంచి మీ మెకానిక్ నసీరుద్దీన్‌ని పిలిపించాను. అతను బానెట్ కూడా ఎత్తకుండానే నవ్వాడు.

"ఏం ఖరాబ్ కాలే సాబ్. దొంగలు ఎత్తుకపోకుండ లోపల చోర్ స్విచ్ ఉన్నది, అది నొక్కితేనే స్టార్ట్ అయితది. పొయ్యేముందు మీ అన్ననే పెట్టించిండు. ఇంట్ల ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. గని మీరు సొంత తమ్ముడు గద, చూపిస్త రాండ్రి."

చూపించవద్దన్నాను. కారు కడిగించి, గుడ్డ కప్పించాను. తాళంచెవి ఈ కవరులోనే ఉంది.

ఇక అసలు విషయం. ఒకే ఇంటిపేరు వాళ్లం కనుక మాతోపాటు మీకూ పురుడు వచ్చింది. అది తీరేదాకా గుడికి వెళ్లకండి, ఇంట్లో దీపం పెట్టకండి. వదినకూ చెప్పండి.

ఇంట్లోవాళ్లకు చెప్పి తీరాల్సిన సంగతి కాబట్టి రాశాను.

మీ తమ్ముడు