కొట్టం తిన్న ఆవు

సోమందేపల్లి

తిప్పన్న బావకు,

ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం. నువ్వు మాకు పాలుకిచ్చిన ఆవు గురించే ఈ ఉత్తరం.

పాలుకంటే ఆవు నీది, మేపడం నాది, పుట్టిన దూడల్లో చెరిసగం. ఆ మాటకు నేనే తలూపాను, కాదనను. అప్పట్లో మేతకు వేరుశెనగ కట్టె ఊళ్లోనే దొరికేది. ఈ ఏడు వాన లేక పంటే పోయింది. బుక్కపట్నం నుంచి వచ్చే వరిగడ్డి ధర ముట్టుకుంటే కాలుతోంది. నూనె తీసిన శెనగచెక్క కొనడం ఎప్పుడో మానేశాను. పోయిన వారం పశువుల కొట్టం కప్పు పీకి, ఆ పాత గడ్డే వేశాను.

నువ్వేమో ఆదివారం బండి దిగకుండానే, "ఏమప్పా, ఆవు చిక్కిపోయిండాది, మేత ఏస్తాండావా లేదా?" అని నలుగురిలో అడిగిపోయావు. అది తింటున్నది దాని నెత్తిమీది నీడను, బావా.

అందుకే వచ్చే ఆదివారం దాన్ని ఎర్రమంచికి తోలుకొచ్చి నీ గేటుకే కట్టేస్తాను. దూడల్లో నా వంతూ నువ్వే ఉంచుకో.

ఒక్కటే చిక్కు. అది నీ చెల్లెలు వేస్తే తప్ప మేత ముట్టదు. "ఆవు యాడుంటే నేనూ ఆడనే" అని ఆమె అప్పుడే చీరలు సర్దుకుంటోంది. ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను.

ట్రాక్టరు గడ్డి తోలిస్తే మాత్రం ఇద్దరూ ఇక్కడే ఉంటారు. మీ ఇంట్లో అడిగి చెప్పు.

నీ చెల్లెలి మొగుడు