దొరసాని నోరు తెరవలేదు

జూన్ 8, సోమవారం

గిన్నెలో వేసింది నాలుగు చెంచాల క్యారెట్ గుజ్జు. తరవాత లెక్క చూశాను. గడ్డం మీద ఒకటి, మెడకి కట్టిన గుడ్డ మీద ఒకటిన్నర, నేల మీద ఒకటి, నా కళ్ళజోడు మీద అర. మొత్తం నాలుగు. లెక్క సరిపోయింది. అంటే లోపలికి ఏమీ పోలేదు.

ముప్పై ఏళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేశాను. లెక్క సరిపోయినందుకు ఒళ్ళు మండడం ఇదే మొదటిసారి.

మనవరాలికి ఎనిమిదో నెల. పేరు వేరే ఉంది కాని ఆ చూపుకీ, ఆ మూతి విరుపుకీ నేను పెట్టిన దొరసాని అన్న పేరే తగినది. తల్లి పాలు తప్ప ఏదీ ముట్టదు. సీసాలో పోస్తే అవే పాలు కూడా ముట్టదు. చెంచా కనిపిస్తే చాలు, పెదవులు బిగించి, లంచ్ టైములో ఫైలు అడిగిన మనిషిని గుమాస్తా చూసినట్టు నన్ను చూస్తుంది.

జులై ఒకటిన అమ్మాయి డ్యూటీలో చేరాలి. రైళ్ళ కంట్రోల్ రూమ్‌లో పని. షిఫ్టు అయ్యేదాకా కుర్చీ వదలడానికి లేదు. ఆ కుర్చీ కోసం రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారి పట్టు పట్టి గెలిచింది. రోజంతా తల్లి లేకుండా దొరసాని ఏం తిని బతకాలి? ఈ ప్రశ్నకి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. అందరి దగ్గరా సలహాలు మాత్రం ఉన్నాయి.

జూన్ 10

పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నా కూతురికంటే చిన్నది. నన్ను అమ్మమ్మగారూ అని పిలిచింది. నేను ఆవిడకి ఎప్పుడు అమ్మమ్మనయ్యానో నాకు తెలియదు.

గ్రాఫ్ చూపించింది. బరువు గీత కిందికి వంగుతోందిట. ఈ వయసుకి పాలొక్కటే చాలవుట. నెలాఖరుకి కాస్తయినా తినడం మొదలుపెట్టకపోతే టెస్టులు చెయ్యాలిట. సరే, ఎలా తినిపించాలో చెప్పమన్నాను. ఓపిగ్గా, అంది. ఆ ఒక్క మాట కోసం గంటన్నర ఓపిగ్గా బయట కూర్చున్నాం.

జూన్ 11

ఇక నా పద్ధతి. తిండి ఒంటిగంటకి, హాల్లో, ఎత్తు కుర్చీలో. చెంచా మరిగించాలి. టీవీ లేదు, ఫోను లేదు, పాటలు లేవు. అన్నిటికంటే ముఖ్యమైనది, దొరసాని కళ్ళముందు ఎవరూ ఏమీ తినకూడదు. ధ్యాస చెదురుతుంది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు బిస్కెట్లు నములుతూ తిరిగితే పిల్లలేం రాస్తారు?

దీనివల్ల ఎవరికీ కొత్తగా వచ్చిన కష్టం లేదు. ఈ ఇంట్లో కలిసి తినేది ఎవరు గనక? అమ్మాయి వంటింట్లో నిలబడి రెండు ముద్దలు మింగుతుంది. అల్లుడు ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. హాల్లో మూల బల్లే ఆఫీసు, అక్కడే తిండి. ఇకనుంచి ప్లేటు వరండాలోకి పట్టుకెళతానన్నాడు. నేను నా గదిలో తలుపు వేసుకుని తింటాను. చదువుకుంటూ తినడం అలవాటని చెప్పాను.

ఇక్కడ అబద్ధం రాయక్కర్లేదు. అలవాటు కాదు, కట్టుడు పళ్ళు. కింది సెట్టు వదులు. నవంబరులో అల్లుడి స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు అది నా ప్లేట్లో పడింది. అల్లుడు చూడనట్టు అందరికీ మంచినీళ్ళు పోశాడు. పడినందుకు నా పళ్ళని క్షమించాను. ఆ చూడనట్టు ఉండడాన్ని క్షమించలేదు.

జూన్ 14

అరటిపండు. ఉమ్మింది.

జూన్ 15

బంగాళాదుంప. ఉమ్మింది. నా మీద.

జూన్ 17

అల్లుడు ఎక్కడో చదివాడు. చెంచా అక్కర్లేదుట. మెత్తగా ఉడికిన ముక్కలు ముందు పెడితే పిల్లలే తీసుకుని తింటారుట. పెట్టాం. దొరసాని ఒక్కొక్క ముక్కే తీసుకుంది, పరీక్షగా చూసింది, విసిరింది. ఒకటి అల్లుడి ప్లాన్ మీద పడింది.

"చూశారా అత్తయ్యా, ఆసక్తి చూపిస్తోంది" అన్నాడు.

విసరడమే ఆసక్తి అయితే నాకూ ఈ గిన్నె మీద చాలా ఆసక్తి కలుగుతోందని చెప్పాను. అతను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

జూన్ 20

అమ్మాయి ఉద్యోగం మానేస్తానంది. బట్టలు మడతపెడుతూ, ఇవాళ వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా.

నా కోపం సంగతి ఏం రాయను? చేతిలో ఉన్న చెంచా వంగింది. రెండుసార్లు తప్పిన పరీక్ష గుర్తు చేశాను. రాత్రుళ్ళు గోడకి అంటించుకున్న రైలు మార్గాల మ్యాపు గుర్తు చేశాను. ఇవాళ పిల్ల కోసం మానేస్తావు, రేపు పిల్ల మీద విసుక్కున్నప్పుడల్లా ఆ సంగతి ఎత్తుతావన్నాను.

అది మడత ఆపలేదు.

"నీకేమ్మా, తలుపేసుకుని నీ తిండి నువ్వు తింటావు. ఆకలేసినా నోరు తెరవకుండా అది ఎలా చూస్తుందో చూసేది నేను."

గదిలోకి వచ్చి, అది అన్నట్టే తలుపేసుకున్నాను. అందుకే ఇంకా కోపం.

జూన్ 23

అమ్మాయికీ నాకూ మాటల్లేవు. గుమ్మడికాయ. ఉమ్మింది.

జూన్ 24, బుధవారం, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాయాలి.

కింది చిగురు పుండైంది. పళ్ళ డాక్టరు సెట్టు మళ్ళీ అరగదీస్తానన్నాడు. అరగదీసి అరగదీసి అతను నన్ను మిగలనిచ్చేలా లేడు. పళ్ళు తీసి పక్కన పెట్టి, బంగాళాదుంప మెదుపుకుని, ఉప్పూ మిరియాలూ వేసుకుని నా గదిలో కూర్చున్నాను. అమ్మాయి స్నానానికి వెళ్ళింది. దొరసానిని చాప మీద వదిలి, ఓ కన్నేసి ఉంచమని అల్లుడికి చెప్పి వెళ్ళింది. అల్లుడి రెండు కళ్ళూ మీటింగులో ఉన్నాయి. నేను తలుపు గడియ పెట్టడం మరిచాను.

తలుపు కదిలింది. దొరసాని పాక్కుంటూ వచ్చి, నా మోకాలు పట్టుకుని లేచి నిలబడింది.

నా నోటి వంకే చూసింది. పళ్ళు లేకుండా నమిలితే ముక్కూ గడ్డం దగ్గరికొచ్చి మొహం సంచీలా ముడుచుకుపోతుంది. అద్దంలో చూశాను కనక తెలుసు. నాకు మండుకొచ్చింది. ఏమిటే చూపు, అన్నాను. అది చూపు తిప్పలేదు. కాసేపటికి దాని దవడ కూడా కదిలింది. నాతోపాటు. కిందికీ పైకీ.

తరవాత నోరు తెరిచింది.

నా చెంచాతోనే పెట్టాను. మరిగించని చెంచా. ఉప్పూ మిరియాలూ ఉన్న దుంప. మింగింది. మళ్ళీ తెరిచింది.

పదహారు రోజులుగా గుజ్జు పట్టుకుని దాని వెంట పడ్డవాళ్ళం, నమలడం అంటే ఏమిటో ఒక్కరమూ దానికి చూపించలేదు. పైగా చూపించకూడదని రూల్ పెట్టింది నేను.

జూన్ 25

పళ్ళు పెట్టుకుని హాల్లో దాని ముందు తిన్నాను. నా నోట్లో టకటక శబ్దం. దొరసాని ఆ శబ్దం వింది, మూతి బిగించింది. గదిలోకి తీసుకెళ్ళి పళ్ళు తీశాను. రెండు చెంచాలు తింది.

ఎంత పొగరు దీనికి. తనలాంటి నోరు కావాలి.

జూన్ 26

అమ్మాయికి చెప్పాను. నమ్మలేదు. ఉద్యోగం మానకూడదని కల్పించి చెబుతున్నానంది. జన్మలో ఒక్క దొంగ లెక్క రాయని నన్ను.

కళ్ళతో చూస్తేనే డ్యూటీలో చేరతానంది. గదిలో చాటుగా కాదు, హాల్లో, ఎత్తు కుర్చీలో. తను వెళ్ళాక రోజూ తినాల్సింది అక్కడేగా అంది. నిజమే. అల్లుడి బల్ల ఆ కుర్చీకి ఎదురుగా ఉంది. అదీ నిజమే.

ఇవాళ భోజనం చెయ్యలేదు. ఆకలి లేదు. కోపంతోనే కడుపు నిండిపోయింది.

జూన్ 28, ఆదివారం

ఒంటిగంటకి దొరసానిని ఎత్తు కుర్చీలో పెట్టి, ఎదురుగా అల్లుడి బల్ల దగ్గర కూర్చున్నాను. అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది, చేతులు కట్టుకుని. అల్లుడు తన కుర్చీలో.

ఎవరైనా నవ్వితే ఈ వయసులో హత్య చెయ్యాల్సి వస్తుందని మనసులో అనుకుని, పళ్ళు తీసి నీళ్ళ గ్లాసులో వేశాను. టక్కుమంది. ఆ చప్పుడు ఇల్లంతా విన్నట్టనిపించింది.

తినడం మొదలుపెట్టాను. తల ఎత్తలేదు.

అల్లుడు నా వైపే చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఈసారి చూడనట్టు నటించలేదు.

"అత్తయ్యా, ఆ గ్లాసు కాస్త ఇవతలకి జరపండి. దొరసాని అందుకుంటోంది."

జరిపాను. అంతే.

దొరసాని నా నోటి వంక చూసింది. దవడ కదిలించింది. తెరిచింది.

అమ్మాయి వంటింట్లోకి వెళ్ళింది. ఏడవడానికేమో అనుకున్నాను. ప్లేటు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. అది కూర్చుని తినడం ఎన్నాళ్ళకి చూశానో.

గిన్నెలో వేసింది నాలుగు చెంచాలు. తిరిగి దొరికింది ఒకటిన్నర. కుర్చీ కింద చూశాను, గుడ్డ దులిపాను, కళ్ళజోడు తీసి చూశాను. రెండున్నర తేడా. తేడా ఉన్న లెక్క కింద ఇన్నేళ్ళలో సంతకం పెట్టలేదు. ఇవాళ పెట్టాను.

జులై 1

అమ్మాయి ఆరింటికే వెళ్ళింది. గుమ్మం దగ్గర ఏదో అనబోయింది. రైళ్ళు ఆగుతాయి వెళ్ళు, అని కసిరాను.

ఒంటిగంటకి అల్లుడు లాప్‌టాప్ మూసి వచ్చాడు. ముగ్గురం తిన్నాం. ఇద్దరికి పళ్ళు లేవు.

జులై 9

దొరసాని కింది చిగురు మీద తెల్లగా, బియ్యపు గింజంత. వేలు పెడితే గుచ్చుకుంది.

ద్రోహి.