నీళ్ళలో పడిన ఫోను

మార్టూరు

ప్రియమైన నజ్మీన్‌కు,

నా ఫోను ఇక్కడ రాయి పాలిష్ చేసే నీళ్ళలో పడి పాడైపోయింది. అందుకే ఈ ఉత్తరం. నా రాత చూసి నవ్వకు. నేను బాగానే ఉన్నాను. రాతిపొడి పడక కాస్త నలతగా ఉంది, అంతే. పని ఎక్కువ, ఈ నెల గుంటూరు రాలేను. కౌసర్ మారాం చేస్తే నాన్న బొమ్మ తెస్తాడని చెప్పు.

నీ
షబ్బీర్


గుంటూరు

ప్రియమైన మా ఆయనకి,

నీళ్ళలో పడ్డ ఫోను చేసినప్పుడల్లా చక్కగా మోగుతోందండీ! మీరే ఎత్తడం లేదు. ఎందుకో నాకు తెలీదనుకున్నారా? పోయిన నెల వచ్చినప్పుడు కౌసర్ని గుండెల మీద పడుకోబెట్టుకుని తెల్లార్లూ దగ్గారు. ఆ దగ్గు నాకు వినపడకూడదనే ఫోను మాని ఉత్తరం రాశారు. మిర్చి యార్డులో తొడిమలు తీసేవాళ్ళం అందరం ఘాటుకి దగ్గుతూనే ఉంటాం, నేనైతే ఈమధ్య మరీనూ. అన్ని దగ్గుల మధ్య ఉండేదాన్ని, మీది వేరే దగ్గని పోల్చుకోలేనా? వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. లేదంటే పిల్లని చంకనేసుకుని నేనే బస్సెక్కుతాను.

కోపంగా ఉన్న
మీ నజ్మీన్


మార్టూరు

ప్రియమైన నజ్జూ,

కోప్పడకు. నాతో పనిచేసే త్రినాథ్ వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. టీబీ అన్నారు. పొద్దున కఫం ఇస్తే మధ్యాహ్నానికల్లా మిషను చెప్పేసింది. అందులోనూ మొండిరకమట, మామూలు మందుల్లో ముఖ్యమైనది దానిమీద పనిచేయదట. కొన్నేళ్ళ కిందట త్రినాథ్‌కి ఇదే వస్తే, మొండిరకమని తేలేసరికి నెలలు గడిచాయి. అన్నాళ్ళూ పనిచేయని మాత్రలు మింగి పుల్లలా అయిపోయాడు. ఆ తర్వాత సూదులు. అదంతా చూసిన భయంతోనే నేను ఆసుపత్రి గడప తొక్కలేదు. నాకు మాత్రం ఈ వారమే సరైన మందు మొదలుపెట్టారు. ఆరు నెలలు మాత్రలే, సూదుల్లేవు.

కానీ నజ్జూ, పిల్లని గుండెల మీద పడుకోబెట్టుకున్నానే! అదే నన్ను తినేస్తోంది. మీరిద్దరూ వెంటనే పరీక్ష చేయించుకోండి.

నీ అబద్ధాలకోరు
షబ్బీర్


గుంటూరు

ప్రియమైన మీకు,

ముందు కౌసర్ సంగతి. దానికేమీ లేదు. ముందుజాగ్రత్తకి మందిచ్చారు. ఇక స్థిమితపడండి.

నాకుంది. అదే మొండిరకం. మీ దగ్గు పోల్చుకున్నానని గొప్పలు పోయాను కదా, నా దగ్గు మాత్రం మిర్చి ఘాటే అనుకుని తిరిగాను. మీరు రాయకపోతే ఇంకా ఆ కాయల మధ్యే దగ్గుతూ కూర్చునేదాన్ని. ముదరకముందే దొరికిందంది డాక్టరమ్మ. నాకూ మీ మాత్రలే. మీ వల్లే వచ్చిందని కుమిలిపోకండి. నా నుంచే మీకు వచ్చిందేమో, ఎవరికి తెలుసు?

డాక్టరమ్మ సరేననేదాకా కౌసర్ పక్కింటి సాజిదా ఆపా దగ్గర పడుకుంటుంది. మీరు వచ్చేయండి, ఇద్దరం ఒకే గ్లాసు నీళ్ళతో మాత్రలు మింగుదాం. ఈ ఉత్తరం అందగానే ఆ నీళ్ళలో పడ్డ ఫోను తీసి నాకు చేయండి. దగ్గొస్తే ఆపుకోకండి. నేనూ ఆపుకోను.

మీ
నజ్జూ