రబ్బరుతో చెరిపేసిన నకులం

మంగళవారం, రాత్రి

పై ఫ్లాట్ రాజ్యలక్ష్మి టీచర్ గారు రోజూ పొద్దున్నే పేపర్లో గళ్ళనుడికట్టు ముందేసుకుని నాకు ఫోన్ చేస్తారు. అడ్డం ఐదు, నిలువు తొమ్మిది అని చదివితే, "ఒక్క నిమిషం ఆలోచించి చెప్తానండీ" అని పెట్టేస్తాను. ఆ నిమిషంలో ఫోన్లో వెతికి, మళ్ళీ చేసి చెప్తాను. నాకు రాని తెలుగు మాటే లేదని అపార్ట్‌మెంటంతా చెప్పుకొచ్చారు.

ఇవాళ సాయంత్రం పేపరు పట్టుకుని ఇంటికే వచ్చారు. నా ఫోనేమో లోపల చార్జింగులో ఉంది.

"ముంగిసకి మూడక్షరాలు చెప్పమ్మా సుజాతా."

నోటికొచ్చింది అనేశాను. "జంబుకం అండీ."

"అలాగా, నేను నకులం అనుకున్నానే." పెన్సిలుతో రాసుకున్నది రబ్బరుతో చెరిపేసి, జంబుకం అని పెన్నుతో దిద్దారు. "నువ్వు చెప్పాక ఇంకేముందిలే."

ఆవిడదే రైటేమోనని అప్పుడే అనిపించింది. అయినా అవునన్నట్టు తలూపేశాను. ఆవిడ వెళ్ళాక చూస్తే నకులమే. జంబుకం అంటే నక్కట.

చెప్పేద్దామని చెప్పులేసుకున్నాను కూడా. ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ ఎక్కడివని అడిగితే... మళ్ళీ విప్పేశాను.

రేపు పేపర్లో జవాబులొస్తాయి. నా భయం ఆవిడ నన్ను తప్పుపడతారని కాదు. పేపరు వాళ్ళే తప్పు వేశారంటారు.